పాప ఏమైనా తిందాండీ?

2023వ సంవత్సరం, ఆషాఢ మాసం. రావులపాలెంలో అరటి మార్కెట్టుకు వెళ్ళే దారిలో ఉన్న ఒక చిన్నపిల్లల ఆసుపత్రిలో నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. అప్పటికి పద్దెనిమిదేళ్ళుగా అదే గది, అదే కుర్చీ. ల్యాబ్ అనగానే అద్దాల గదులు ఊహించుకోకండి. మెట్ల కింద మిగిలిన చోటుకి తలుపు పెడితే అదే మా ల్యాబ్ అయింది. ఓపీ హాల్లోకి తెరుచుకునే ఒక కిటికీ, రక్తకణాలు లెక్కపెట్టే యంత్రం, ఒక మైక్రోస్కోపు, గోడకి ఒక ప్లాస్టిక్ చిలక. వీటన్నిట్లో నాకు ఎక్కువ పనికొచ్చేది ఆ చిలకే. పిల్ల దానివైపు చూస్తున్న ఆ కాసేపట్లో సూది పెట్టి తీసెయ్యాలి.

"నాగమణి గారు సూది పెడితే తెలియనే తెలియదండి" అని తల్లులు చెప్పుకుంటూ ఉంటారు. నిజం చెప్పొద్దూ, ఆ మాట వినడం నాకు చాలా ఇష్టం. అయితే కిటుకు సూదిలో లేదు, మాటల్లో ఉంది. పిల్లని ఒళ్ళో పెట్టుకున్న మనిషి కంగారుపడితే పిల్ల కూడా కంగారుపడుతుంది. అందుకని ముందు పెద్దవాళ్ళని మాటల్లో పెడతాను. మీది ఏ ఊరండి, ఎవరి తాలూకా, మీ వైపు వానలు పడ్డాయా, పాప ఏమైనా తిందా. వాళ్ళు జవాబు చెప్పేలోపు నా పని అయిపోతుంది.

ఆ నెలంతా మా ఓపీ హ్యాండ్ ఫుట్ మౌత్ పిల్లలతో నిండిపోయింది. పేరులోనే ఉంది సంగతంతా. అరచేతుల్లో, అరికాళ్ళలో ఎర్రటి పొక్కులు, నోట్లో పుళ్ళు, రెండు మూడు రోజులు జ్వరం. ఒక రకం వైరస్‌ల వల్ల వస్తుంది. ఒక పిల్లకి వచ్చిందంటే ఆ తరగతి గదంతా చుట్టేస్తుంది. చూడ్డానికి భయంగా ఉంటుంది కానీ, చాలామందికి వారం పది రోజుల్లో దానంతట అదే తగ్గిపోతుంది. మామూలుగా అయితే రక్తపరీక్ష కూడా అక్కర్లేదు. డాక్టరు గారు అరచేతులు చూసి, నోరు చూసి, చల్లటి పాలు, పెరుగన్నం పెట్టమని పంపించేస్తారు. అందుకే ఆ జబ్బు పిల్లలు మా కిటికీ దాకా వచ్చేవాళ్ళే కాదు.

ఆ సోమవారం పదిన్నరకి ఒక మామ్మగారు చీటీ పట్టుకుని వచ్చారు. పేరు సత్యవతి గారు, దగ్గర్లోనే ఒక లంక ఊరు. భుజం మీద నాలుగేళ్ళ మనవరాలు లహరి, అరచేతుల్లో అవే పొక్కులు. చీటీలో మూడు పరీక్షలు రాసి ఉన్నాయి. ఒకటి సీబీపీ, అంటే రక్తకణాల లెక్క. రెండోది సీఆర్‌పీ, ఒంట్లో వాపు ఎంత ఉందో చెప్పే పరీక్ష. మూడోది చక్కెర. జ్వరం మొదలై నాలుగో రోజు, పిల్ల నీరసంగా ఉంది, చక్కెర పడిపోయిందేమో చూడండి అని డాక్టరు గారి ఉద్దేశం.

నేను అలవాటు ప్రకారం మొదలుపెట్టాను. "రండి మామ్మగారూ, కూర్చోండి. పాప ఏమైనా తిందాండీ?"

"ఆఁ, తిందండీ."

"ఎక్కడికైనా వెళ్ళొచ్చారా ఏంటి? ఎండకి కమిలినట్టుందే."

"మా పుట్టిల్లు పెద్దాపురం కదండీ. పోయిన వారం మరిడమ్మ జాతరకి తీసుకెళ్ళానండి."

ఆ మాటల్లోనే సూది పెట్టడం, తియ్యడం అయిపోయింది. లహరి ఏడవలేదు. చెయ్యి లాక్కోలేదు. చిలకని కూడా చూడలేదు, మామ్మ భుజం మీద తల వాల్చుకుని అలాగే ఉండిపోయింది. నాకు భలే గర్వం వేసింది. "చూశారా మామ్మగారూ, మీ మనవరాలికి తెలియనే లేదు" అన్నాను. ఆ ముక్క తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. నాలుగేళ్ళ పిల్ల సూది గుచ్చితే ఏడవాలి. ఏడవలేదంటే అది నా చేతి గొప్పదనం ఎందుకవుతుంది?

చక్కెర అప్పటికప్పుడే తెలిసిపోయింది. నూట ఎనభై ఆరు. పిల్లలకి అది ఎక్కువే. మామ్మగారు తిందన్నారు కాబట్టి ఏ గ్లూకోజు నీళ్ళో తాగి ఉంటుందనుకుని, అంకె పక్కన ఎర్ర పెన్నుతో "తిన్న తర్వాత" అని రాసేశాను. పడిపోయిందేమోనని భయపడ్డ చక్కెర పడిపోలేదు, ఇంకేం కావాలి అనుకున్నాను.

సీబీపీలో తెల్లకణాలు పద్దెనిమిది వేల చిల్లర వచ్చాయి. తెల్లకణాలంటే ఒంట్లోకి వచ్చిన క్రిమితో పోట్లాడేవి. వాటిలో రకాలున్నాయి. మామూలు వైరస్ జ్వరాల్లో లింఫోసైట్లు అనే రకం ముందుకొస్తుంది. అవి పోట్లాడటంతో ఆగవు, వచ్చినవాడి మొహం గుర్తుపెట్టుకుంటాయి కూడా. న్యూట్రోఫిల్స్ అనే ఇంకో రకం ఎక్కువగా బ్యాక్టీరియా వచ్చినప్పుడు ఎగబడుతుంది. యంత్రం చెప్పినదాంతో తృప్తిపడక, గాజుపలక మీద రక్తపుచుక్క పూసి మైక్రోస్కోపు కింద వంద కణాలు లెక్కపెట్టాను. వందలో డెబ్భై ఎనిమిది న్యూట్రోఫిల్సే. వైరస్ జబ్బులో వీటికేం పని అని ఒక్క క్షణం అనిపించింది. కిటికీ బయట ఇంకో ఆరుగురు పిల్లలు ఏడుస్తున్నారు. రిపోర్టు రాసి పంపించేశాను.

డాక్టరు గారు దాన్ని చూసి, పుళ్ళ మీద బ్యాక్టీరియా కూడా చేరి ఉంటుందనుకుని యాంటీబయాటిక్ సిరప్ రాశారు, రేపు మళ్ళీ తీసుకురమ్మన్నారు. చేతిలో ఉన్న కాగితాన్ని బట్టి చూస్తే ఆవిడ చేసింది సబబే. ఆ కాగితం రాసింది నేను.

సత్యవతి గారు మందులు తీసుకుని మా కిటికీ పక్క బల్ల మీద కూర్చున్నారు. కోడలు అనూష ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు, మధ్యాహ్నం విరామంలో స్కూటీ మీద వచ్చి ఇంటికి తీసుకెళ్తుందట. పన్నెండున్నర ప్రాంతంలో ఆ అమ్మాయి వచ్చింది. చెమటలు తుడుచుకుంటూ, ముందు పిల్ల నుదురు మీద చెయ్యి పెట్టి అడిగింది.

"ఏమైనా తిందా అత్తయ్య గారూ?"

"ఏం తింటుందే అనూషా! నిన్న మధ్యాహ్నం పెరుగన్నం రెండు ముద్దలు, అంతే. రాత్రి మంచినీళ్ళు కూడా కక్కేసింది. ఇందాకటి నుంచి ఉమ్ము కూడా మింగట్లేదు, చూడు నా జాకెట్టంతా ఎలా తడిసిందో."

నా చేతిలో గాజుపలక ఉంది. దాన్ని జాగ్రత్తగా ట్రేలో పెట్టి బయటికి వచ్చాను.

"మామ్మగారూ, ఇందాక నేనడిగితే తిందన్నారు కదండీ?"

ఆవిడ నా వైపు వింతగా చూశారు. "అదేంటమ్మా, మీరు మర్యాదకి అడిగారు, నేను మర్యాదకి చెప్పాను. పరాయి చోట కూర్చుని పిల్ల తినలేదంటే ఏం బాగుంటుంది? మీరు పని మానుకుని బిస్కెట్లు తెప్పిస్తారు. ఎందుకు మీకు శ్రమ?"

ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది? మా వైపు ఎవరింటికి వెళ్ళినా మొదటి ప్రశ్న "భోజనం చేశారా" అనే, కడుపు కాలుతున్నా జవాబు "అయిందండి" అనే. లేదంటే ఎదుటివాళ్ళు పొయ్యి వెలిగించాలి. పుట్టిన దగ్గర్నుంచి నేనూ అలాగే చెబుతున్నాను. పరీక్ష కోసం అడగాల్సిన ప్రశ్నని నేను పలకరింపులా అడిగాను. పలకరింపుకి వచ్చే జవాబే వచ్చింది. దాన్ని పట్టుకెళ్ళి రిపోర్టులో రాశాను.

దాదాపు ఒక రోజంతా ఏమీ తినని పిల్లకి చక్కెర తగ్గాలి. నూట ఎనభై ఆరు ఎక్కడి నుంచి వచ్చింది?

నేను అలా చూస్తుండగానే నిద్రపోతున్న లహరి ఒక్కసారి ఉలిక్కిపడింది. రెండు చేతులూ పైకి లేచి మళ్ళీ పడిపోయాయి. కళ్ళు తెరవలేదు. కాసేపటికి మళ్ళీ అలాగే.

"ఇది ఎప్పటి నుంచండీ?" అన్నాను.

"నిన్నట్నుంచమ్మా. జాతరలో డప్పులకి, నెత్తిన గరగలెత్తి ఆడేవాళ్ళకి జడుసుకుంది. నిద్రలో అవే గుర్తొస్తున్నాయి కాబోలు. అందుకే తాడు కూడా కట్టించాను చూడండి." పిల్ల మెడలో నల్లతాడు చూపించారు. "పొక్కులు చూసి ముందు అమ్మవారేమో అనుకున్నాం. పోయినేడు ఈ హ్యాండ్ ఫుట్ మౌతేదో వచ్చినప్పుడు కూడా ఇలాగే ఉన్నాయి కదా, అదేమోనని కోడలంది. నేనే కాదన్నాను. ఒకసారి వచ్చిపోతే ఇంక రాదని మీరే చెప్పారు కదమ్మా, ఈ కిటికీలోంచే. అందుకని ఇది జడుపు జ్వరమేలే అని నాలుగు రోజులు చూశాను."

పోయినేడు ఆవిడకి అలా చెప్పిన సంగతి నాకు గుర్తే లేదు. కానీ నేను చెప్పే ఉంటాను. ఎంతమంది తల్లులకి అలా ధైర్యం చెప్పానో! ఆటలమ్మ ఒకసారి వస్తే సాధారణంగా మళ్ళీ రాదు, దీన్నీ అదే గాటన కట్టేశాను. పెద్దావిడ ముందు ఏడిస్తే ఆవిడ ఇంకా భయపడతారని ఊరుకున్నాను.

డాక్టరు గారి గదిలో వేరే పేషెంటు ఉన్నా లోపలికి వెళ్ళిపోయాను. రిపోర్టులో "తిన్న తర్వాత" కొట్టేసి, "నిన్న మధ్యాహ్నం నుంచి ఆహారం లేదు" అని రాసి ఆవిడ ముందు పెట్టాను. "మేడం, నేను తప్పు రాశాను. పిల్ల నిద్రలో ఉలిక్కిపడుతోంది, నిన్నటి నుంచీనట. వాంతి కూడా అయిందట. సూది గుచ్చితే ఏడవలేదు, అది కూడా మీకు చెప్పలేదు."

ఆవిడ కోప్పడలేదు. కోప్పడితే బాగుండునని నాకనిపించింది. లేచి బయటికొచ్చి, బల్ల మీదే పిల్లని చూశారు. మెడ వంచి చూశారు, చేతులు పట్టుకుని చూశారు, గుండె కొట్టుకోవడం గడియారం పెట్టి లెక్కపెట్టారు. తర్వాత అనూషని కూర్చోమని, ఎప్పుడూ మాట్లాడే గొంతుతోనే చెప్పారు.

"అమ్మా, ఇది హ్యాండ్ ఫుట్ మౌతే. నూటికి తొంభై తొమ్మిది మంది అనుకోండి, ఇంట్లోనే తగ్గిపోతారు. ఎవరో ఒకరికి వైరస్ మెదడు దాకా వెళ్ళే ప్రమాదం ఉంటుంది. అప్పుడు ఒంట్లో ఉన్న రోగనిరోధక శక్తి కూడా మోతాదు మించి ఎగదన్నుతుంది. ఆ ఒత్తిడికే తెల్లకణాలు పెరుగుతాయి, తినకపోయినా చక్కెర పెరుగుతుంది. ఈ ఉలికిపాట్లు భయం వల్ల కాదు. పాప ఇప్పుడు పిల్లల ఐసీయూ ఉన్న చోట ఉండాలి. రాజమండ్రి పంపిస్తున్నాను. త్వరగానే పట్టుకున్నాం, ధైర్యంగా ఉండండి."

"పోయినేడు వచ్చింది కదండీ మేడం, మళ్ళీ ఎలా వచ్చింది?" అంది అనూష.

డాక్టరు గారు నోరు తెరిచేలోపు నేనే చెప్పాను, చెప్పాల్సింది నేనే కాబట్టి. "ఈ జబ్బు తెచ్చే వైరస్ ఒకటి కాదమ్మా, చాలా ఉన్నాయి. పోయినేడు వచ్చినదాన్ని పాప ఒళ్ళు గుర్తుపెట్టుకునే ఉంటుంది. ఈసారి వచ్చింది వేరేది అయ్యుంటుంది. మొహం తెలియనివాడు వస్తే ఒళ్ళు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. మళ్ళీ రాదని పోయినేడు నేను చెప్పింది తప్పు. నన్ను క్షమించండి."

సత్యవతి గారు నా వైపు చూడలేదు. పిల్ల మెడలో తాడు తియ్యబోయి, తియ్యలేక, మళ్ళీ సర్దారు.

ఒంటిగంటకల్లా అంబులెన్సు బయల్దేరింది. పిల్లకి సెలైన్ పెట్టి ఒక నర్సుని వెంట పంపారు. జొన్నాడ వంతెన దాటుతున్నామని ఒకసారి, కడియం నర్సరీల దగ్గరున్నామని ఇంకోసారి నర్సు ఫోన్ చేసింది. నేను మిగతా పిల్లల రక్తం తీసుకుంటూనే ఉన్నాను. ఆ మధ్యాహ్నం ఒక్కరిని కూడా ఏ ఊరని అడగలేదు. చిలకని చూపించడం కూడా మర్చిపోయాను. ఇద్దరు పిల్లలు ఆసుపత్రి ఎగిరిపోయేలా ఏడ్చారు. వాళ్ళ ఏడుపు వింటుంటే నాకు ప్రాణం లేచొచ్చింది.

పెద్దాసుపత్రిలో లహరిని ఐసీయూలో ఉంచి ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించారు. రక్తదానం చేసిన ఎందరిదో రక్తంలోంచి వేరుచేసిన యాంటీబాడీలు అవి, అంటే వేరేవాళ్ళ ఒళ్ళు తయారుచేసుకున్న రక్షణని ఈ పిల్లకి అరువివ్వడం. కట్టు తప్పిన పోట్లాటని కాస్త సద్దుమణిగేలా చెయ్యడానికి కూడా అది ఉపయోగపడుతుందని ఆశ. రెండు రోజులు ఏ మాటా తెలియలేదు. ఇంట్లో మావారు పలకరిస్తే కసిరాను. మూడో రోజు పొద్దున్న డాక్టరు గారు కిటికీ దగ్గరికొచ్చి, "నాగమణీ, ఉలికిపాట్లు ఆగాయట. పొద్దున్నే రక్తం తీయబోతే నర్సుని కొరికిందట" అన్నారు. నేను కుర్చీలో కూర్చుని బోరున ఏడ్చేశాను. కొరికినందుకు అంత సంతోషించినదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఆ తర్వాత మా ల్యాబులో ఒక పద్ధతి మార్చాను. "తిన్నారా" అని అడగడం మానేశాను. "చివరిగా పాప నోట్లోకి వెళ్ళింది ఏంటి? ఎన్నింటికి? ఎంత?" అని మూడు ముక్కలుగా అడుగుతాను. దానికి "ఆఁ, అయిందండి" అనడం కుదరదు. కొంతమందికి ఒళ్ళు మండుతుంది. "ఏంటండీ పోలీసుల్లా" అంటారు. అననివ్వండి. పలకరింపులన్నీ ఉంటాయి, ఊరూ పేరూ వానా అన్నీ. ఈ ప్రశ్న మాత్రం చీటీ, పెన్ను చేతిలోకి తీసుకున్నాకే. పిల్ల ఏడవకపోతే అది కూడా చీటీ మీద రాస్తాను. మళ్ళీ వస్తుందా రాదా అని ఎవరైనా అడిగితే, అది డాక్టరు గారిని అడగండి అంటాను.

వినాయక చవితి వెళ్ళిన కొన్నాళ్ళకి సత్యవతి గారు మళ్ళీ వచ్చారు. ఒక చంకలో లహరి, ఇంకో చేతి సంచిలో ఒక అత్తం చక్కెరకేళి అరటిపళ్ళు. మళ్ళీ చూపించుకోమన్న గడువుకి వచ్చారు, సీబీపీ ఒక్కటే రాశారు. లహరి వస్తూనే రెండు చేతులూ నా మొహం మీదికి చాచింది.

"నా గోళ్ళు ఊడిపోయాయి!"

నిజమే, రెండు మూడు వేళ్ళకి పాత గోరు మొదట్లో విడిపోయి వేలాడుతోంది, కింద కొత్తది లేతగా వస్తోంది. ఈ జబ్బు తగ్గాక కొందరు పిల్లలకి అలా అవుతుంది, భయం లేదు. ఆ సంగతి సత్యవతి గారికి చెప్పి, "అయినా డాక్టరు గారిని కూడా అడగండి" అన్నాను. ఆవిడ మొదటిసారి నవ్వారు.

సూది పెట్టాను. లహరి కెవ్వుమంది, నా చెయ్యి గిల్లింది, చిలకని తిట్టింది. నా పద్దెనిమిదేళ్ళ పేరుప్రతిష్ఠలు ఓపీ హాలంతా వినపడేలా మంటగలిసిపోయాయి. నాకెంత హాయిగా ఉందో!

పెన్ను తీసి అడిగాను. "చివరిగా పాప నోట్లోకి వెళ్ళింది ఏంటండి?"

"ఎనిమిదింటికి రెండు ఇడ్లీలు పెట్టాను. ఒకటిన్నర తింది, సగం పిల్లికి వేసింది. పదకొండింటికి అరటిపండు, పూర్తిగా. పన్నెండింటికి మంచినీళ్ళు, అర గ్లాసు." ఆవిడ పాఠం ఒప్పచెప్పినట్టు చెప్పి, "ఈసారి మర్యాద ఏమీ కలపలేదమ్మా" అన్నారు.

నేను రాసుకున్నాను. కన్నీళ్ళు ఆపుకోవడానికి తల వంచుకుని, అవసరం లేకపోయినా రెండుసార్లు దిద్దాను.

ఆవిడ సంచిలోంచి అరటిపళ్ళు తీసి బల్ల మీద పెట్టారు. గోడ గడియారం రెండున్నర చూపిస్తోంది.

"మరి మీరు భోజనం చేశారా అమ్మా?"

"ఆఁ, అయిందండీ" అన్నాను.

మాట నోట్లోంచి వచ్చేశాక ఇద్దరం ఒకేసారి కిటికీ గట్టు మీదికి చూశాం. పొద్దున్న మావారు సర్ది ఇచ్చిన క్యారేజీ, మూత తియ్యకుండా అక్కడే ఉంది. సత్యవతి గారు అత్తంలోంచి ఒక పండు తుంచి, తొక్క సగం ఒలిచి, నా చేతిలో పెట్టి, నేను తినేదాకా అక్కడే నిలబడ్డారు.